చుక్కల ముగ్గు నుంచి ప్యాటర్న్ దాకా: సొంతంగా క్రోషె డిజైన్ చేయడం ఎలా?

నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్లలో హుక్ అనే కొక్కెం సూదితో అల్లే క్రోషె లేసు శాంపిల్ ఒకటి చేతిలో పెడితే చాలు, అటూ ఇటూ తిప్పి చూసి అచ్చం అలాంటిదే అల్లి ఇచ్చే ఆడవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వీడియోలు చూసి నేర్చుకున్న మనలాంటివాళ్ల వేగం వాళ్ల ముందు ఏ మూలకూ చాలదు. అయినా విదేశాలకు వెళ్లే ఆ టేబుల్ క్లాత్‌ మీద డిజైనర్‌గా వాళ్ల పేరు ఉండదు. శాంపిల్ ఎక్కడి నుంచో వస్తుంది, ఏజెంటు దారం ఇస్తాడు, ముక్కకు ఇంతని కూలి లెక్కగడతారు. స్కాట్లాండ్ నుంచి వచ్చిన మెక్రే దంపతులు 1844లో దుమ్ముగూడెంలో ఈ పని నేర్పారని, అక్కణ్ణుంచి అది గోదావరి డెల్టాకు దిగిందని చెబుతారు. 2024లో నరసాపురం లేసుకు జీఐ గుర్తింపు, అంటే ఈ సరుకు ఫలానా ప్రాంతానిదని చెప్పే గుర్తింపు కూడా వచ్చింది. ఆ గుర్తింపు ఊరికి వచ్చింది. ఫలానా పువ్వు, ఫలానా అంచు ఎవరి బుర్రలో పుట్టిందో మాత్రం ఇప్పటికీ ఎక్కడా రాసి ఉండదు.

అల్లేవాళ్లకూ డిజైనర్‌కూ మధ్య తేడా చేతి నైపుణ్యంలో లేదని నేను గట్టిగా నమ్ముతాను. తేడా రాతలో ఉంది. మీరు అల్లింది ఇంకో ఊళ్లో, మిమ్మల్ని ఎప్పుడూ చూడని ఇంకొకరు మళ్లీ అల్లగలిగేలా కాగితం మీద పెడితే మీరు డిజైనర్. ఆ కాగితమే ప్యాటర్న్. అందుకే ఈ మార్గదర్శిలో హుక్ కంటే పెన్సిల్‌కే పని ఎక్కువ.

చైన్, స్లిప్ స్టిచ్, సింగిల్ క్రోషె, డబుల్ క్రోషె వచ్చినవాళ్లకు ఇది సరిపోతుంది. ఇక్కడ వాడే పేర్లన్నీ అమెరికన్ పద్ధతివి. ఈ మాట ముందే చెప్పడానికి కారణం ఉంది. అమెరికన్ సింగిల్ క్రోషెను బ్రిటిష్ పుస్తకాలు డబుల్ అంటాయి, అమెరికన్ డబుల్‌ను ట్రెబుల్ అంటాయి. మీ ప్యాటర్న్ మొదటి పేజీలో ఏ పద్ధతో రాయకపోతే, కొన్నవాళ్లకు టేబుల్ మ్యాట్ బదులు ఇంకేదో తయారవుతుంది.

ముందు సామాను

ఒక గళ్ల నోట్‌బుక్, పెన్సిల్, రబ్బరు, కుట్టుమిషన్ టేపు, స్కేలు, గ్రాముల్లో తూచే చిన్న వంటింటి త్రాసు. హుక్కులు నాలుగైదు సైజులు ఉంటే చాలు, పెద్ద సెట్ కొనక్కర్లేదు. లేసు దారంలో నంబరు పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది: 10 లావు, 20 మధ్యరకం, 40 దాటితే కళ్లకు పరీక్షే. మొదటి డిజైన్‌కు 10 గానీ 20 గానీ తీసుకోండి. రంగు తెలుపో లేత రంగో అయితే స్టిచ్‌లు లెక్కపెట్టడం సులువు. నలుపు దారంతో కొత్త డిజైన్ మొదలుపెట్టడం అనవసరమైన టెన్షన్.

దారం విషయంలో ఇంకో మాట. ఇంటర్నెట్‌లో కనిపించే డిజైన్లలో చాలా భాగం చలిదేశాల కోసం చేసినవి. విజయవాడ ఎండలో అక్రిలిక్ స్వెటర్ ఎవరికి? మన దగ్గర నిజంగా వాడకంలో ఉండేవి చీర కుచ్చులు, జాకెట్టు మెడ అంచులు, గుమ్మానికి తోరణాలు, టీవీ మీదా ఫ్రిజ్ మీదా కప్పేవి, పిల్లల కాటన్ గౌన్లు, దేవుడి పీట మీద వేసే బట్టలు. వీటికి కాటన్, చీర కుచ్చులకైతే సిల్క్ దారం. ఏం చేయాలో తేల్చుకునే ముందు అది ఎవరి ఇంట్లో, ఎక్కడ ఉంటుందో ఆలోచించండి. సగం నిర్ణయాలు అక్కడే అయిపోతాయి.

ఐడియా: గుమ్మం ముందే ఉంది

డిజైన్ల కోసం ఫోన్‌లో గంటలు గంటలు బొమ్మలు చూడటం అలవాటైతే, చివరికి మీరు చేసేది ఆ బొమ్మల కలగూరగంపే అవుతుంది. మన ఇళ్లలో ఇంతకంటే మంచి డిజైన్ బడి ఒకటుంది, ముగ్గు. దాని లెక్క క్రోషె లెక్కకు చాలా దగ్గర. కాకపోతే ఏ ముగ్గు ఏ రకం అల్లికకు సరిపోతుందో చూసుకోవాలి.

7 చుక్కలు 7 వరసలు పెట్టి గీతలన్నీ నిలువుగా, అడ్డంగా, మూలగా వెళ్లే ముగ్గయితే ఫిలే క్రోషెకు వెళ్లండి. ఫిలే అంటే గళ్ల వల. ఒక డబుల్ క్రోషె, 2 చైన్లు, మళ్లీ డబుల్ క్రోషె వేస్తే అది ఖాళీ గడి. ఆ 2 చైన్ల చోట 2 డబుల్ క్రోషెలు వేస్తే నిండు గడి. నిండు గళ్లతో బొమ్మ వస్తుంది, ఖాళీ గళ్లు నేల అవుతాయి.

సందు చుక్క ముగ్గు వేరే జాతి. 7 నుంచి 4 వరకు సందు చుక్క పెడితే వరసలు 4, 5, 6, 7, 6, 5, 4గా వచ్చి ఆరు పక్కల ఆకారం కడుతుంది. దీన్ని గళ్ల కాగితం మీదికి లాగితే నక్షత్రం వంకరపోతుంది. దీన్ని మధ్య నుంచి బయటికి అల్లే ఆరు పక్కల మోటిఫ్‌గా, అంటే విడి ముక్కగా చేయాలి. ఒక్కో రేకూ ఆరో వంతు కాబట్టి ఒక్క రేకు డిజైన్ చేస్తే మిగతా ఐదూ వచ్చేసినట్టే.

మెలికల ముగ్గు చూడ్డానికి ఎంత అందంగా ఉన్నా మొదటి డిజైన్‌గా వద్దు. గళ్లలో పెడితే వంపులన్నీ మెట్లు మెట్లుగా కనిపిస్తాయి. మెలికే కావాలనుకుంటే ముందు సాదాగా ఒక నేల అల్లుకుని, దాని మీద స్లిప్ స్టిచ్‌తో గీత గీసినట్టు పోనివ్వాలి. అది వేరే పాఠం.

ఇక్కడ మనం 7 చుక్కలు 7 వరసల ముగ్గునే తీసుకుని టేబుల్ మ్యాట్‌గా మారుద్దాం.

గళ్ల కాగితం మీద

రెండు చుక్కల మధ్య దూరం ఎన్ని గళ్లో ముందు నిర్ణయించుకోవాలి. ప్రతి ఐదో గడికి ఒక చుక్క అనుకుందాం. 7 చుక్కల మధ్య సందులు 6. ఆరైదులు 30, మొదటి చుక్క గడి కలిపితే 31. చుట్టూ మార్జిన్‌కు రెండు పక్కలా ఐదేసి గళ్లు వదిలితే 41. అంటే 41 గళ్ల వెడల్పు, 41 గళ్ల ఎత్తు.

సరిసంఖ్య కాకుండా బేసి ఎందుకంటే, ముగ్గుకు నడిమి చుక్క ఉన్నట్టే మ్యాట్‌కూ నడిమి గడి ఉండాలి. 40 గళ్లు పెట్టుకున్నవాళ్లు మధ్య రేకు ఎటు జరపాలో తెలియక తర్వాత తల పట్టుకుంటారు.

చుక్కలు పెన్సిల్‌తో పెట్టి, గీత వెళ్లే గళ్లను నింపండి. మూలగా వెళ్లే గీతలో పక్కపక్క గళ్లు మూలల దగ్గర మాత్రమే తగులుతాయి, అల్లాక ఆ గీత పలచగా కనిపిస్తుంది. అలాంటి చోట గీతను రెండు గళ్ల మందం చేయండి. కాగితాన్ని గోడకు అంటించి గది అవతలి మూల నుంచి చూడండి. ఎక్కడ నలుపు గుంపుగా పడిందో, ఎక్కడ బోసిగా ఉందో దగ్గర నుంచి కనపడదు, దూరం నుంచి వెంటనే తెలుస్తుంది.

స్వాచ్: అందరూ ఎగ్గొట్టే పని

శాంపిల్ ముక్క అల్లకుండా పెద్ద ముక్క మొదలుపెట్టకూడదని అందరికీ తెలుసు, అయినా అందరూ మొదలుపెడతారు. మీకోసం మీరు అల్లుకుంటే అది మీ ఇష్టం. డిజైన్ చేసేటప్పుడు మాత్రం స్వాచ్ లేకపోతే పని ముందుకు కదలదు, ఎందుకంటే ప్యాటర్న్‌లో రాసే ప్రతి కొలతా అక్కణ్ణుంచే రావాలి.

కనీసం 12 సెంటీమీటర్ల చదరం అల్లి, ఉతికి, ఆరబెట్టి, అప్పుడు మధ్యలో 10 సెంటీమీటర్లు కొలవండి. అంచులు కొలవకండి, అక్కడ బిగువు మారుతుంది. ఉతక్కముందు ఒక కొలత, ఉతికాక ఒక కొలత రాసుకోండి. కాటన్‌లో ఈ రెండింటికీ తేడా ఉంటుంది.

ఉదాహరణకు 20 నంబరు దారంతో, 1.25 మిల్లీమీటర్ల హుక్‌తో 10 గళ్లు వెడల్పులో 5 సెంటీమీటర్లు, 10 వరసలు ఎత్తులో 5.5 సెంటీమీటర్లు వచ్చాయనుకుందాం. అప్పుడు 41 గళ్లు 20.5 సెంటీమీటర్ల వెడల్పు, 41 వరసలు దాదాపు 22.5 సెంటీమీటర్ల ఎత్తు. కాగితం మీద చదరంగా ఉన్న ముగ్గు బల్ల మీద నిలువుగా సాగి కూర్చుంటుంది. దీనికి రెండు దారులున్నాయి.

మొదటిది మీ చేతిలో ఉంది. డబుల్ క్రోషె వేసేటప్పుడు హుక్ గుచ్చి బయటికి లాగే మొదటి లూప్ ఎంత పొడుగుంటే స్టిచ్ అంత పొడుగవుతుంది. దాన్ని కొంచెం తగ్గించి లాగితే వరస ఎత్తు దిగుతుంది. కానీ మీ ప్యాటర్న్ అల్లేవాళ్ల చేయి మీ చేయి కాదు, వాళ్లు అలా లాగుతారన్న గ్యారంటీ లేదు. అందుకని రెండో దారి కూడా చార్టులోనే ఉంచడం మంచిది. రెండు పక్కలా మార్జిన్‌కు రెండేసి గళ్లు కలిపితే 45 గళ్లు, అంటే 22.5 సెంటీమీటర్లు. మ్యాట్ చదరమవుతుంది. లోపలి ముగ్గు కొద్దిగా పొడుగ్గానే ఉంటుంది, అయినా చుట్టూ చదరపు చట్రం ఉంటే కన్ను దాన్ని పట్టించుకోదు.

దారం ఎంత పడుతుందో కూడా స్వాచే చెబుతుంది. 10 సెంటీమీటర్ల చదరం 3 గ్రాములు తూగిందనుకోండి. అది 100 చదరపు సెంటీమీటర్లు. మ్యాట్ 22.5 ఇంటూ 22.5, దాదాపు 506. అంటే ఐదు రెట్లు, 15 గ్రాముల చిల్లర. కొసలకూ అంచుకూ కలిపి 18 గ్రాములని ప్యాటర్న్‌లో రాయండి. దారం చాలక చివరి రెండు వరసల దగ్గర ఆగిపోయినవాళ్లు ఆ డిజైనర్‌ను జన్మలో క్షమించరు.

చైన్ల లెక్క

ఫిలేలో పునాది చైన్లు మొదటి గడి ఎలాంటిదన్న దాని మీద ఆధారపడతాయి. మొదటి వరస అంతా నిండు గళ్లయితే గళ్ల సంఖ్యను మూడుతో హెచ్చవేసి 3 కలపాలి. 45 గళ్లకు 135, మూడు కలిపితే 138. హుక్ నుంచి నాలుగో చైన్‌లో మొదటి డబుల్ క్రోషె వేసి, మిగతా ప్రతి చైన్‌లో ఒక్కోటి వేసుకుంటూ పోతే, మొదట వదిలిన 3 చైన్లను ఒక స్టిచ్‌గా కలుపుకుని 136 వస్తాయి. మొదటి గడి ఖాళీ అయితే 3 బదులు 5 కలపాలి, మొదటి డబుల్ క్రోషె హుక్ నుంచి ఎనిమిదో చైన్‌లో పడుతుంది.

వరస చివర తిరిగేటప్పుడు వేసే చైన్లు సింగిల్‌కు 1, హాఫ్ డబుల్‌కు 2, డబుల్‌కు 3, ట్రెబుల్‌కు 4. ఆ చైన్లను స్టిచ్‌గా లెక్కించాలో వద్దో ప్రతి ప్యాటర్న్‌లో విడిగా చెప్పాలి. వరసల అంచులు నెమ్మదిగా లోపలికి పోవడానికి అసలు కారణం చాలాసార్లు ఇక్కడే ఉంటుంది.

గుండ్రంగా అల్లేవాళ్ల కోసం

సందు చుక్క ముగ్గును ఎంచుకున్నవాళ్లకు ఈ భాగం ముఖ్యం. బల్లపరుపుగా ఉండే గుండ్రానికి ప్రతి చుట్టులో ఎన్ని స్టిచ్‌లు పెంచాలి? సింగిల్ క్రోషెకు 6, హాఫ్ డబుల్‌కు 8, డబుల్‌కు 12. ఇవి బట్టీపట్టే అంకెలు కావు. వృత్తం వ్యాసార్థం ఒక వరస ఎత్తు పెరిగితే చుట్టుకొలత దానికి 6.28 రెట్లు పెరగాలి. సింగిల్ క్రోషె ఎత్తూ వెడల్పూ దాదాపు సమానం కాబట్టి ఆరు స్టిచ్‌లు. డబుల్ దానికి దాదాపు రెట్టింపు ఎత్తు కాబట్టి పన్నెండు. మీ చేయి స్టిచ్‌లను పొట్టిగానో పొడుగ్గానో వేసేదైతే ఒకటీ అరా మారుతుంది, ఆ మార్పు స్వాచ్‌లో తెలిసిపోతుంది.

ఆరు పెంపులూ ప్రతి చుట్టులో ఒకదాని మీద ఒకటి పడితే ఆరు పక్కల ఆకారం వస్తుంది. మన ముగ్గుకు కావలసింది అదే. నిజంగా గుండ్రంగా కావాలంటే పెంపుల చోటు చుట్టు చుట్టుకూ జరపాలి. పెంపులు తక్కువైతే గిన్నెలా లేస్తుంది, అదే టోపీ. ఎక్కువైతే అంచు కుచ్చిళ్లు పడుతుంది.

కుచ్చిళ్లు పడ్డ ముక్కను చిరాగ్గా పక్కన పడేసే ముందు ఒక సంగతి వినండి. కార్నెల్ యూనివర్సిటీలో గణితం చెప్పిన డైనా టైమిన్యా 1997లో, ప్రతి వరసలో ఒకే నిష్పత్తిలో స్టిచ్‌లు పెంచుకుంటూ పోయి హైపర్‌బోలిక్ తలాన్ని (అంచుకు వెళ్లేకొద్దీ కుచ్చిళ్లు పడే ఉపరితలాన్ని) క్రోషెతో చేసి చూపించారు. విద్యార్థులు చేత్తో పట్టుకుని చూడగలిగే మోడల్ అది. తర్వాత మార్గరెట్, క్రిస్టీన్ వర్థీమ్ అక్కచెల్లెళ్లు అదే లెక్కతో పగడపు దిబ్బలు అల్లించారు. కుచ్చిళ్ల వెనక అంత పెద్ద లెక్క ఉంది. కాబట్టి తప్పుగా వచ్చిన ముక్క మీద కూడా హుక్ సైజూ పెంపుల సంఖ్యా రాసిన చీటీ కట్టి ఒక డబ్బాలో దాచండి. రెండేళ్ల తర్వాత జాకెట్టు చేతికి ఫ్రిల్ కావాల్సి వచ్చినప్పుడు ఆ డబ్బానే వెతుక్కుంటారు.

టోపీలకు ఇదే లెక్క తిరగేస్తే చాలు. ఏడాది పిల్లల తల చుట్టుకొలత సుమారు 46 సెంటీమీటర్లు. టోపీ పట్టి ఉండాలంటే 3 తగ్గించి 43. దాన్ని 3.14తో భాగిస్తే 13.7. పైన గుండ్రం అంత వెడల్పు రాగానే పెంపులు ఆపేసి నేరుగా దిగాలి.

అల్లుతూ రాయండి, అల్లాక కాదు

డిజైనర్ జీవితంలో ఎక్కువ సమయం పోయేది ఇక్కడే. ఒక వరస అల్లడం, ఏం అల్లామో రాయడం, నచ్చకపోతే విప్పడం, రాసింది కొట్టేయడం. కొట్టేసిన వరస పక్కన ఎందుకు కొట్టేశారో ఒక మాట రాయండి: "అంచు లాగుతోంది", "పువ్వు కనపడట్లేదు". లేకపోతే వారం తర్వాత అదే ఐడియా గొప్పగా తోచి మళ్లీ అల్లుతారు.

బయటివాళ్లకు ఇది పనిలా కనిపించదు. "లేసు అల్లుకుంటూ తీరిగ్గా కూర్చుంది" అంటారు. స్టిచ్‌లు లెక్కపెట్టే టైములో ఎవరో గ్యాస్ బుక్ చేశావా అని అడుగుతారు, 87 దగ్గర లెక్క పోతుంది. దీనికి నాకు తెలిసిన మందు ఒక్కటే: ప్రతి ఇరవై స్టిచ్‌లకు ఒక మార్కర్. పిన్నీసు అయినా చాలు. కొత్త లెక్కలు, చార్టులు ఇల్లు ప్రశాంతంగా ఉన్న వేళకు పెట్టుకోండి, తీరిపోయిన లెక్కను అల్లడం టీవీ ముందు కూడా చేయొచ్చు. గంటకోసారి హుక్ కింద పెట్టి మణికట్టు, వేళ్లు చాచండి. నొప్పి మొదలయ్యాక కూడా వరస పూర్తి చేద్దామనే మొండితనం వద్దు.

ప్యాటర్న్ రాయడం

పైన డిజైన్ పేరు, పూర్తయ్యాక కొలత, దారం రకం, నంబరు, బరువు, హుక్ మిల్లీమీటర్లలో, ఉతికాక గేజ్ (10 సెంటీమీటర్లలో ఎన్ని గళ్లు, ఎన్ని వరసలు), అమెరికన్ పద్ధతో బ్రిటిషో. ఆ తర్వాత గుర్తుల పట్టిక, దాని కింద వరసలు. ప్రతి వరస చివర మొత్తం స్టిచ్‌లు ఎన్నో తప్పకుండా ఉండాలి. చదివేవాళ్లు దారి తప్పారో లేదో చూసుకునేది ఆ ఒక్క అంకెతోనే. మళ్లీ మళ్లీ వచ్చే భాగాన్ని రెండు నక్షత్రం గుర్తుల మధ్య పెట్టి "ఇంకా 5 సార్లు" అని రాయండి. ఉత్తినే "5 సార్లు" అంటే మొదటిసారితో కలిపా, వదిలేసా అన్నది ఎవరికీ తెలియదు.

చార్టు వీలైతే తప్పకుండా ఇవ్వండి. చైన్‌కు కోడిగుడ్డు ఆకారం, సింగిల్‌కు కూడిక గుర్తో ఇంటూ గుర్తో, హాఫ్ డబుల్‌కు నిలువు గీత మీద అడ్డగీత, డబుల్‌కు ఆ నిలువు గీత మధ్య ఒక ఏటవాలు గీత, ట్రెబుల్‌కు రెండు. జపాన్ పుస్తకాలు ఎక్కువగా ఈ బొమ్మలతోనే ఉంటాయి, అందుకే ఒక్క జపనీస్ అక్షరం రానివాళ్లు కూడా వాటిని చూసి అల్లేస్తున్నారు. తెలుగులో రాసిన ప్యాటర్న్ కూడా చార్టు ఉంటే బ్రెజిల్ దాకా వెళ్తుంది.

ఇంకొకరి చేతిలో పెట్టండి

కనీసం ముగ్గురికి ఇవ్వండి. ఒకరు బాగా వచ్చినవారు, ఒకరు మధ్యస్థం, ఒకరు కొత్తగా నేర్చుకున్నవారు. బాగా వచ్చినవాళ్లు మీ తప్పులను వాళ్లంతట వాళ్లే సరిచేసుకుని అల్లేస్తారు, పైగా చెప్పరు. అందుకే కొత్తవారి మాటకే ఎక్కువ విలువ. వాళ్లు అల్లుతుంటే పక్కన కూర్చుని వివరించొద్దు. "పిన్నీ, ఇక్కడ ఏం చేయాలి?" అని ఎక్కడ అడిగారో ఆ వరస తిరగరాయాల్సిందే. ముగ్గురి నుంచీ పూర్తయిన కొలతలు, పట్టిన దారం బరువు తెప్పించుకోండి.

గంజి, పిన్నులు, ఫొటో

పూర్తయిన మ్యాట్‌ను తడిపి, తువ్వాలులో చుట్టి నీరు పిండి, థర్మాకోల్ షీటు మీద తుప్పు పట్టని పిన్నులతో కొలతకు లాగి గుచ్చండి. ముందు నాలుగు మూలలు, తర్వాత అంచుల మధ్యలు, ఆ తర్వాతే మిగతావి. గట్టిగా నిలబడాలంటే పలచటి గంజి. కానీ గంజి పెట్టింది అలాగే బీరువాలో దాస్తే పురుగులు చేరతాయి, ఉతికి దాచాలి. ఫొటో ఉదయం కిటికీ దగ్గర తీయండి. ఒకటి పైనుంచి నేరుగా, ఒకటి స్టిచ్‌లు కనపడేంత దగ్గరగా, ఒకటి నిజంగా వాడుతున్నట్టు.

ధర, హక్కులు

ముక్క అమ్మడం, ప్యాటర్న్ అమ్మడం వేర్వేరు వ్యాపారాలు. ముక్కకు దారం ఖర్చు, గంటల కూలి, ప్యాకింగ్ అన్నీ కలపాలి. "మెషిన్ లేసు మీటరు ఇంతకే దొరుకుతోంది కదా" అనేవాళ్లు తప్పక వస్తారు. వాళ్లకు చెప్పండి: బజారులో క్రోషె పేరుతో అమ్మే మీటరు లేసు సాధారణంగా వార్ప్ నిట్టింగ్ అనే వేరే రకం అల్లిక యంత్రాల మీద వచ్చేది, చేతి క్రోషె స్టిచ్ అది వేయదు. ఒప్పుకోకపోతే బేరం అక్కడితో వదిలేయండి. కూలి తగ్గించుకుని అమ్మితే పక్కింటి ఆవిడ కూలి కూడా తగ్గుతుంది.

ప్యాటర్న్ ఒకసారి రాస్తే ఎన్నిసార్లయినా అమ్మొచ్చు. 2007లో మొదలైన రావెల్రీ లాంటి అల్లికల వెబ్‌సైట్లలో చిన్న డిజైనర్లు పీడీఎఫ్‌లు పెట్టి అమ్ముకుంటున్నారు. మీరు రాసిన వాక్యాలు, గీసిన చార్టు, తీసిన ఫొటో 1957 కాపీరైట్ చట్టం కింద మీవే. డబుల్ క్రోషె వేసే పద్ధతి మాత్రం ఎవరి సొత్తూ కాదు. చుక్కల ముగ్గు అంతకన్నా కాదు, అది తరతరాల ఉమ్మడి ఆస్తి. కాబట్టి ఇంకొకరు అదే ముగ్గుతో వేరే మ్యాట్ చేస్తే గొడవపడకండి, మీ చార్టును యథాతథంగా పెట్టుకుంటే మాత్రం అడగండి. అడగడానికి ఆధారం కావాలి. అందుకే ప్రతి చార్టు మూలన పేరు, తేదీ వేసి, చిత్తు కాగితాలతో సహా ఫొటో తీసి మీ మెయిల్‌కు మీరే పంపుకోండి. ఆ ముక్కను అల్లింది వేరేవాళ్లయితే వాళ్ల పేరు కూడా ప్యాటర్న్ మీద వేయండి, "డిజైన్" కింద మీది, "అల్లిక" కింద వాళ్లది.